కొంగల ఓనరుకి సున్నుండలు

పోయిన వారం సుగుణ ఆంటీ వాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తుంటే సాయం చేద్దామని కేంబ్రిడ్జ్ వెళ్ళాను. దేవదానం అంకుల్ రిటైరయ్యారు. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేకపోతున్నారు, అందుకని ఇల్లు అమ్మేసి లిఫ్టున్న అపార్ట్‌మెంట్‌కి మారుతున్నారు. పైన చిన్న గది సర్దుతుంటే బీరువా వెనక ఆకుపచ్చ టోపీ ఒకటి దొరికింది, ముందు వైపు తెల్ల కొంగ బొమ్మతో. మా అమ్మాయి దాన్ని నెత్తిన పెట్టుకుని, "విచ్ టీమ్ ఈజ్ దిస్, మమ్మీ?" అంది. చెబుదామని నోరు తెరిస్తే తిట్టు వచ్చింది. పిల్ల ముందు అలాంటి మాట అనకూడదని తెలుసు, కానీ వచ్చేసింది. "వై ఆర్ యూ మ్యాడ్?" అని తెల్లబోయింది అది. ఆ టీము పోయి ఇన్నేళ్ళయినా దాని ఓనరు గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో టోపీ పట్టుకుని నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు.

నేను జగిత్యాల నుంచి ఈ దేశానికి చదువుకోవడానికి వచ్చిన రోజుల్లో ఆ చుట్టుపక్కల ఏ ఇంటి బేస్‌మెంట్ చూసినా మాలాంటివాళ్ళే ఉండేవారు. బస్టాపులో తెలుగు వినబడేది, గోడౌన్లలో రాత్రి షిఫ్టుకి నిలబడితే ముందూ వెనకా తెలుగే. ఆంటీ వాళ్ళ బేస్‌మెంట్‌లో మేం ముగ్గురం అమ్మాయిలం ఉండేవాళ్ళం. ఆంటీ వాళ్ళది నరసాపురం దగ్గర ఊరు, మూడు తరాల నుంచి క్రైస్తవులు. అంకుల్ కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో, ఆంటీ వృద్ధుల హోమ్‌లో పనిచేసేవారు. ఆంటీ డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి, తల తుడుచుకుంటూనే పొయ్యి వెలిగించేది. కాసేపటికి ఇంగువ వాసన మెట్లు దిగి మా దాకా వచ్చేది. ఎండు చేపలు మాత్రం గరాజ్‌లో వేయించాలి, ఇంట్లో వేయిస్తే వాసన వారం పోదు. గరాజ్ తలుపు పావు వంతు ఎత్తి, స్వెట్టరు మీద తువ్వాలు కప్పుకుని, మంచులో చేపలు వేయించే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. అంకుల్ పక్కనే కుర్చీ వేసుకుని వెల్లుల్లి ఒలిచేవారు. ఆయన ఒలిస్తే పొట్టు చొక్కా మీదే ఉండేది, ఆంటీ రోజూ దులిపేది, రోజూ అనేది. భోజనాలయ్యాక కుటుంబ ప్రార్థన. మేం హిందువులమని మమ్మల్ని రమ్మనేవాళ్ళు కాదు, కానీ మా పేర్లు ఆ ప్రార్థనలో ఉంటాయని తెలిసి మేమే వెళ్ళి కూర్చునేవాళ్ళం.

ఆ ఇంట్లో బేస్‌బాల్ పిచ్చి ఆంటీది. ఆవిడ చూసుకునే ఒక ముసలావిడ టీవీలో ఆట ఉంటేనే అన్నం నోట్లో పెట్టనిచ్చేదట. స్పూనుతో తినిపిస్తూ తినిపిస్తూ ఆంటీ ఆట నేర్చుకుంది. ఆ ముసలావిడ పోయాక కూడా ఆట వదల్లేదు. పెద్ద టీముల సంగతి పట్టేది కాదు, మా ఊరి టీమే కావాలి. దాని పేరు హెరన్స్. హెరన్ అంటే కొంగ అని మేం చెప్పాక, ఇంక మా ఇంట్లో ఆ టీముకి మన కొంగలు అనే పేరు స్థిరపడిపోయింది. ఆదివారం తెలుగు ఆరాధన అయ్యాక నాలుగైదు కుటుంబాలవాళ్ళం పులిహోర పొట్లాలు పట్టుకుని గ్రౌండుకి పోయేవాళ్ళం. మూడో బేస్ వైపు పాత చెక్క బెంచీలుండేవి. అక్కడ టిక్కెట్టు చౌక, ఎవరు ఏం తిన్నా అడిగేవారు లేరు. ఆంటీ చీర మీద ఆకుపచ్చ జాకెట్టు వేసుకుని, అంపైర్ తప్పు చేస్తే అచ్చ తెలుగులో తిట్టేది. చర్చిలో కళ్ళు మూసుకుని పాటలు పాడిన మనిషేనా ఈవిడ అనిపించేది. ముందు వరసలో కూర్చునే తెల్లవాళ్ళు ఆ తిట్లు కొన్ని నేర్చుకుని వాళ్ళూ తిట్టేవారు.

ఆ టీముని అంతకుముందు ఊళ్ళో పాత దుకాణాలవాళ్ళు కొందరు కలిసి నడిపేవారట. వాళ్ళకి వయసు మీదపడి కార్ల షోరూములున్న ఒకాయనకి అమ్మేశారు. ఆయనకి బేస్‌బాల్ అంటే ఇష్టమని నాతో ఎవరూ అనలేదు. కొన్న మొదటి ఏడాదే కోచ్‌ని తీసేశాడు. పదిహేనేళ్ళు చేసిన మనిషికి ఆ సంగతి ఫోన్లో మెసేజ్ పెట్టి చెప్పారు. మేనేజరుగా సొంత అల్లుణ్ణి కూర్చోబెట్టాడు. అల్లుడు అప్పటిదాకా మామగారి షోరూములో కార్లు అమ్మేవాడు, ఆటగాళ్ళనీ అలాగే చూసేవాడు, ఈ ఏడాది మోడల్, పోయినేడాది మోడల్ అన్నట్టు. "ఇల్లరికం వచ్చినోడికి ఏదో పని చూపించాలి కదమ్మా, మన కొంగలు దొరికాయి," అనేవారు అంకుల్. రెండో ఏడాది మేం వెళ్ళేసరికి చెక్క బెంచీలు లేవు. ఆ చోట నేల చదునుచేసి, కంపెనీలవాళ్ళు బీరు తాగడానికి గొడుగులూ కుర్చీలూ వేశారు. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఆటకి వీపు పెట్టి కబుర్లు చెప్పుకునేవారు. మమ్మల్ని ఎండ ముఖాన కొట్టే ఇనప మెట్ల మీదికి తోశారు. ఆంటీ చీర కుచ్చిళ్ళు ఆ మెట్ల సందుల్లో ఇరుక్కునేవి. నేను ఆఫీసుకి ఈమెయిల్ రాస్తే, అభిమానుల అనుభవాన్ని మెరుగుపరుస్తున్నాం అని జవాబొచ్చింది. ఆ వాక్యం చదివి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇలాంటి చిన్న టీముల్లో ఒక పద్ధతుంది. బయటి దేశాల నుంచి వచ్చిన ఆటగాళ్ళని హోటల్లో పెట్టరు, ఊళ్ళో అభిమానుల ఇళ్ళలో పెడతారు. గది, తిండి ఇంటివాళ్ళవే, ఖర్చు మిగిలేది టీముకి. ఆంటీ వాళ్ళ పిల్లలు పెళ్ళిళ్ళయి దూరంగా ఉన్నారు, పై గది ఖాళీ. అలా వచ్చాడు రఫాయెల్, డొమినికన్ కుర్రాడు, షార్ట్‌స్టాప్. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య కాపలా కాసేవాణ్ణి షార్ట్‌స్టాప్ అంటారు. క్రికెట్‌లో పాయింట్ దగ్గర నిలబడేవాడి లాంటి పని, కాకపోతే బంతి ఇంకా వేగంగా, నేలబారుగా వస్తుంది. పరుగులు కొట్టేవాడు అందరికీ కనబడతాడు. పరుగు రాకుండా ఆపినవాడు, ఆట తెలిసినవాళ్ళకి తప్ప కనబడడు. ఆంటీకి కనబడేవాడు. రేడియోలో కామెంటరీ చెప్పేవాడు పెద్దగా పట్టించుకోని చోట కూడా, "అది చూశావా, అది వాడు కాకపోతే ఫోరు," అనేది. ఫోరు బేస్‌బాల్‌లో ఉండదని నేను సరిదిద్దేదాన్ని, ఆవిడ మళ్ళీ ఫోరే అనేది.

రఫాయెల్ మొదటి రోజుల్లో అన్నం, బీన్స్ తప్ప ముట్టేవాడు కాదు. తర్వాత చేపల పులుసుకి అలవాటుపడి, చింతపండు ఏ చెట్టుదో చెబుతూ తన ఊరి కబుర్లు మొదలుపెట్టాడు. వాళ్ళ ఊళ్ళోనూ ఆ చెట్టుందట. ఆంటీని మామా సుగుణ అనేవాడు. వాళ్ళమ్మతో వీడియోలో మాట్లాడేటప్పుడు ఆంటీని పిలిచి ఫోను చేతికిచ్చేవాడు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, ఈవిడకి స్పానిష్ రాదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, గుండె మీద చెయ్యేసుకుని తలలూపేవారు. వాడి చెల్లెలి నర్సింగ్ చదువు వాడి జీతం మీదే నడుస్తోందని మా అందరికీ తెలుసు. వాడి పర్మిట్ టీముతో ముడిపడి ఉందనీ, టీము వద్దంటే దేశంలో ఉండటానికి లేదనీ తెలుసు. ఆ సంగతి అర్థం కావడానికి మా బేస్‌మెంట్ అమ్మాయిలకి వివరణ అక్కర్లేదు. కాగితం ఒకరి చేతిలో ఉన్నప్పుడు నిద్ర ఎలా పడుతుందో మాకూ తెలుసు.

ఆ ఏడాది కొంగలు రెండో స్థానంలో ఉన్నాయి. సీజన్ సగంలో ఉండగా అల్లుడు రఫాయెల్‌కి ఫోన్ చేసి, ఈ వారంతో చాలు అన్నాడు. విదేశీ ఆటగాళ్ళకి ఇన్ని చోట్లే అని లీగ్ నియమం. ఒకప్పుడు పెద్ద లీగుల్లో ఆడిన విదేశీ బ్యాటర్ ఒకడు దొరికాడట. వాడి పేరు పోస్టర్ మీద వేస్తే గొడుగుల కింద కుర్చీలు నిండుతాయని లెక్క. గెలుస్తున్న టీములో నుంచి బంతి ఆపేవాణ్ణి తీసేసి, కీళ్ళు పట్టేసిన ముసలి సింహాన్ని తేవడం! ఆట తెలిసినవాడెవడైనా చేస్తాడా? అదే సాయంత్రం రఫాయెల్‌కి ఇంకో ఊరి టీము కోచ్ నుంచి కబురొచ్చింది. తమ షార్ట్‌స్టాప్‌కి చెయ్యి విరిగిందనీ, ఆటగాళ్ళ జాబితా మూసేలోగా, అంటే మర్నాటి సాయంత్రంలోగా, వస్తానంటే కాగితాలు తాము చూసుకుంటామనీ చెప్పాడు. జీతం కొంచెం తక్కువ, ఊరు చాలా దూరం.

మర్నాడు పొద్దున లేచేసరికి మినుములు వేగుతున్న వాసన. ఆంటీ సున్నుండలు చుడుతోంది.

"ఏంది ఆంటీ ఇది, పొద్దుపొద్దున్నే?" అన్నాను.

"ఓనరు గారింటికి వెళ్దాం. పాస్టర్ గారికి ఫోన్ చేశాను, వస్తానన్నారు. నువ్వు కూడా రా, ఇంగ్లీషు నువ్వు చెబుదువుగాని."

"ఇక్కడ అట్ల నడవదు ఆంటీ. చెప్పాల్సింది ఉంటే ఈమెయిల్ పెట్టాలె."

"ఈమెయిల్‌కి మొహం ఉంటుందా? పెద్దమనుషులం నలుగురం వెళ్ళి గుమ్మంలో నిలబడితే కాదనడానికి ఎవరికైనా నోరొస్తుందా? మా నాన్నగారి ట్రాన్స్‌ఫర్ ఇలాగే ఆపించాం."

అంకుల్ చర్చికి వేసుకునే సూటు వేసుకున్నారు. ఆంటీ గద్వాల్ చీర కట్టుకుంది. పాస్టర్ గారు బైబిల్ చంకలో పెట్టుకున్నారు. స్టీలు డబ్బా నా ఒళ్ళో. నది ఒడ్డున పెద్ద ఇల్లు, గరాజ్ తలుపులే ఒక వరస ఉన్నాయి. బెల్లు కొడితే ఓనరే తలుపు తీశాడు. లోపలికి రమ్మనలేదు గానీ ముఖమంతా నవ్వు. నేను విషయం చెప్పాను. అంకుల్ ఈ ఏడాది రఫాయెల్ ఆపిన బంతుల గురించి చెప్పారు. పాస్టర్ గారు, ఆ అబ్బాయి నమ్మకస్థుడు, మా సంఘం మొత్తం వాడికి పూచీ అన్నారు. ఆంటీ ఆగలేక తన ఇంగ్లీషులోనే, "సర్, హిజ్ మదర్ గేవ్ హిమ్ టు మీ," అంది. ఆయన తలూపుతూ అంతా విన్నాడు. మీలాంటి కుటుంబాలే ఈ క్లబ్‌కి గుండెకాయ అన్నాడు. ఉంచుతానని అనలేదు, ఉంచనని కూడా అనలేదు. ఆంటీ డబ్బా అందిస్తే రెండు చేతులతో తీసుకుని, మూత తీసి, ఒక సున్నుండ అక్కడే నోట్లో వేసుకుని, బ్రహ్మాండం అన్నాడు. భార్యని పిలిచి మా అందరితో ఒక ఫొటో తీయించుకున్నాడు.

కార్లో ఆంటీ ముఖం వెలిగిపోయింది. పని కాదనేవాడు డబ్బా తీసుకోడు, ఇది ఆవిడకి పుట్టినప్పటి నుంచీ తెలిసిన లోకం. మాట చెల్లనప్పుడు వచ్చినవాళ్ళ చేతి సరుకు వాళ్ళ చేతికే తిరిగిస్తారు, మర్యాదగా, బాధపడుతూ. తీసుకున్నాడంటే ఒప్పుకున్నట్టే. పాస్టర్ గారికీ, అంకుల్‌కీ అదే అర్థమైంది. ఆయన ఏం మాటివ్వలేదు కదా అని నేను అంటే ముగ్గురూ నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూశారు.

ఇంటికి రాగానే ఆంటీ పైకి వెళ్ళింది. రఫాయెల్ బ్యాగు సర్దుకుంటున్నాడు. ఆవిడ ఆ బ్యాగులోంచి బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టేసింది. "నో గో, నాన్నా. హీ టుక్ ద బాక్స్," అంది. వాడు నా వైపు చూశాడు. ఓనరు స్పష్టంగా ఏమీ చెప్పలేదు, నువ్వే ఆలోచించుకో అన్నాను. వాడు మంచం మీద కూర్చుని నవ్వాడు. "మామా చెప్తే సరే," అని ఆ దూరపు ఊరి కోచ్‌కి ఫోన్ చేసి రావడం లేదని చెప్పేశాడు. సాయంత్రం గడువు అయిపోయింది.

మర్నాడు పొద్దున బస్సులో కాలేజీకి పోతూ ఫోన్ తీస్తే టీము పేజీలో మా ఫొటో ఉంది. మధ్యలో ఓనరు, చేతిలో మా స్టీలు డబ్బా, పక్కన గద్వాల్ చీరలో ఆంటీ, వెనక పాస్టర్ గారు. మా క్లబ్ గుండెకాయ మా ఆతిథ్య కుటుంబాలే, వచ్చే సీజన్ పాసులు ఇప్పుడే కొనండి అని దాని కింద. ఆ కిందే కొత్త బ్యాటర్ ప్రకటన. ఆ కింద చిన్న అక్షరాల్లో రఫాయెల్ సేవలకి ధన్యవాదాలు. వాణ్ణి తీసేసిన కాగితం మేం ఆ గుమ్మం ఎక్కకముందే లీగ్‌కి వెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది. అంటే ఆ మనిషి అంతా అయిపోయాక మా ముందు నిలబడి, తలూపి, సున్నుండ నమిలి, ఫొటోకి నవ్వాడు. కాదు అని ఒక్క మాట అని ఉంటే చాలు, మేం తలలు దించుకుని వచ్చేసేవాళ్ళం, రఫాయెల్ సాయంత్రం బస్సెక్కి ఆ ఊరు పోయేవాడు, వాళ్ళ చెల్లెలి చదువు ఆగేది కాదు. ఆ ఒక్క మాట కూడా ఇవ్వలేకపోయాడు. ఇస్తే ఫొటో బాగా రాదు కాబోలు. నేను ఇప్పటికీ ఆ నవ్వుని క్షమించలేదు, క్షమించే ఉద్దేశం కూడా లేదు.

ఆ దూరపు టీము అప్పటికే వేరేవాణ్ణి తీసుకుంది. రఫాయెల్ ఎవర్నీ ఏమీ అనలేదు. ఆంటీయే, "వాడి నోటి దగ్గర కూడు నేనే లాగేశాను," అని గరాజ్‌లో కూర్చుని ఏడ్చింది. అంకుల్ ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళారు. ఆంటీ గుమ్మం దాకా వచ్చి, వాడి నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది, మధ్యలో ఆవిడ ఆగిపోతే వాడే స్పానిష్‌లో ముగించాడు. కొత్త బ్యాటర్ నాలుగు హోమ్‌రన్లు, మన సిక్సర్ల లాంటివి, కొట్టాడు, గొడుగుల కిందివాళ్ళు ఆట వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. రెండో బేస్, మూడో బేస్ మధ్య నుంచి బంతులు మాత్రం కాలవలో నీళ్ళలా పోయాయి. ప్లేఆఫ్స్ మొదటి రౌండులోనే మన కొంగలు ఎగిరిపోయాయి. నాకు ఏడుపు రాలేదు, ఓడినందుకు సంతోషమేసింది. సొంత టీము ఓడితే సంతోషించే గతి పట్టించాడు ఆ ఓనరు.

ఇప్పుడు మార్కమ్‌లో మంచి కంపెనీలో పని చేస్తున్నాను. మా పెద్దబాసు మీటింగులో మనమంతా ఒక ఫ్యామిలీ అన్నప్పుడల్లా నా చెయ్యి పర్సు వైపు పోతుంది. మా కాలేజీ కూడా అప్పట్లో మా ముగ్గురినీ కొత్త జాకెట్లు తొడిగి ఫొటో తీసి ప్రకటనలకి వాడుకుంది. మా తర్వాతి బ్యాచి చేరాక ఆ కోర్సే ఎత్తేసింది. ఆ పిల్లలు ఏమయ్యారని అడిగేవాడు లేడు. ఇప్పుడు ఆ వీధుల్లో బేస్‌మెంట్లు ఖాళీగా ఉన్నాయి, ఆంటీ వాళ్ళ ఇల్లు అమ్మకానికి పెడితే కొనేవాళ్ళు తొందరగా రాలేదు. మా రోజుల్లో కష్టాలున్నా మనుషుల మధ్య ఉన్నాం అని అంటుంటారు నా స్నేహితురాళ్ళు. నిజమే. కానీ ఆ మనుషులనే ఈ ఓనర్లూ, కాలేజీలవాళ్ళూ సొమ్ము చేసుకున్నారు. కావలసినప్పుడు గుండెకాయ అంటారు, అక్కర తీరాక ఖర్చు అంటారు. టీము కూడా చివరికి అంతే, ఓనరు ఇంకో రెండేళ్ళు నడిపి, పెద్ద ఊరివాళ్ళెవరికో అమ్మేశాడు. పేరు కూడా మార్చేశారు.

కానీ నా కోపం అంతా ఒకేచోటికి వచ్చి ఆగేది రఫాయెల్ వెళ్ళిపోయిన మరుసటి వసంతంలో. మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. ఆంటీ వంటింట్లో కూర తాలింపు పెడుతుంటే ఫోన్ మోగింది. చేతులకి నూనె ఉందని నన్ను ఫోన్ స్పీకర్‌లో పెట్టమంది. ఓనరు అల్లుడు. ఈ ఏడాది కొత్త కుర్రాడు ఒకడు వస్తున్నాడు, మీలాంటి కుటుంబం మా దగ్గర ఇంకోటి లేదు, పోయినసారిలాగే గది ఇస్తారా అని అడిగాడు. రఫాయెల్ పేరు ఎత్తలేదు. నేను తల అడ్డంగా ఊపాను.

"వద్దని చెప్పండి ఆంటీ."

ఆవిడ పొయ్యి తగ్గించి, నా వైపు తిరిగి మెల్లగా అంది. "వచ్చేవాడేం పాపం చేశాడమ్మా? మనం వద్దంటే వీళ్ళు ఏ మోటెల్లోనో పడేస్తారు."

"మీరు కాదనరని వాళ్ళకు తెలుసు. తెలిసే ఫోన్ చేస్తున్నరు."

"తెలియనీ," అంది. కొంగుతో చేతులు తుడుచుకుని, ఫోను దగ్గరికి వంగి, "ఓకే, సెండ్ హిమ్," అంది. తర్వాత, "వాట్ డజ్ హీ ఈట్?" అని అడిగింది.

అటు నుంచి కాగితాలు తిరగేసిన చప్పుడు వినబడింది. తర్వాత అల్లుడు ఆ కుర్రాడి ఎత్తూ, బరువూ, పోయినేడాది కొట్టిన హోమ్‌రన్లూ చదివి వినిపించాడు.